దీపాలార్పి వచ్చే బండి

ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను తిట్టుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో పాలు పొంగితే వీధిలో వరదొచ్చిందంటాను. దోమ కుడితే గేదె పొడిచిందంటాను. మా ఆవిడ నా మాటల్ని సంతలో బేరంలాగా సగానికి సగం కోసి వింటుంది. మీరూ అలాగే చదువుకోవచ్చు. గాలీ, చీకటీ, భయమూ ఇందులో కాస్త ఎక్కువ పాళ్ళలోనే పడ్డాయి. అయితే అవన్నీ ఉన్నవాటిని పెంచడమే. ఒక్కటి మాత్రం బొత్తిగా లేనిది, నేను పుట్టించింది. అదేదో ఆఖర్న నేనే ఒప్పుకుంటాను.

నాది పలాస. జీడి పిక్కల బేరాలు కుదర్చడం నా పని. కొత్త పంట దిగేదాకా నాకు పనుండదు, మా ఇంట్లోవాళ్ళకి మనశ్శాంతి ఉండదు. అలాంటి ఖాళీ రోజుల్లో, పాతికేళ్ళ కుర్రాళ్ళు చెయ్యాల్సిన ఉద్యోగం ఒకటి నడివయసులో నా నెత్తిన పడింది. కవిటి దాటాక ఒకచోట సముద్రపు ఒడ్డుని పార్కు చెయ్యాలని పైవాళ్ళు అనుకున్నారు. పార్కు అంటే అక్కడున్నదే. ఇసుక, సరుగుడు తోట, మనిషి దూరితే మళ్ళీ కనిపించని మొగలి పొదలు. కొత్తగా వచ్చేవి రెండు సిమెంటు బల్లలూ ఒక బోర్డూ. ఆ బోర్డు మీద ఏం రాయాలన్నదే సమస్య. ఇసుక మీద జీపులూ బైకులూ నడపనివ్వాలా, వద్దా? నడపనిస్తే ఎవరిని, ఎక్కడిదాకా? వచ్చిపోయేవాళ్ళనీ, అక్కడ కొట్లు పెట్టుకున్నవాళ్ళనీ అడిగి రమ్మని నాకు ఒక టోపీ, మెడలో వేలాడే కార్డు, రుబ్బురోలంత బరువున్న ఒక ట్యాబు ఇచ్చారు. టోపీ మొదటి రోజే గాలికి ఎగిరిపోయి ఒడిశాలో దిగింది. అక్కడ ఎవరో పెట్టుకుని తిరుగుతున్నారని ఇచ్ఛాపురం నుంచి కబురు కూడా వచ్చింది.

నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు మా బావ. మా మేనత్త కొడుకు, పలాసలో ఆటో తోలుతాడు. అతని మీసంలో రెండు పిచికలు కాపురముంటున్నాయి. ధైర్యం విషయంలో మాత్రం మా ఇద్దరికీ కలిపి ఒక కోడిపిల్లకి సరిపడా ఉంటుంది.

ఆ వేళ మధ్యాహ్నం ఇసుక మీద పైకప్పు లేని జీపొకటి గిరగిరా తిరుగుతోంది. అందులో పలాస కుర్రాళ్ళు. ఒకడు తోలుతుంటే ఒకడు ఫోనుతో వీడియో తీస్తున్నాడు. మిగతావాళ్ళు అరుస్తున్నారు. జీపు తిరిగిన చోట సముద్రం అడుగు కనిపించేంత గొయ్యి పడింది. ఆపి ట్యాబు తీశాను.

"తీరప్రాంత ఉద్యానవనంలో ఇసుకపై మోటారు వాహనముల సంచారమును మీరు సమర్థిస్తారా?"

"తెలుగులో అడుగు మావా," అన్నాడు తోలేవాడు.

"ఇక్కడ బళ్ళు తిరగొద్దని రూలు పెడితే మీకేమైనా అభ్యంతరమా?"

వాడు కాస్త ఆలోచించాడు. "పెట్టండి. మంచిదే. కానీ మేం ఎల్లిపోయినాక పెట్టండి."

"ఎప్పుడు వెళ్తారు?"

"ఏటి, ఇయాల్టికా? మొత్తానికా?"

మా బావ ఆటోలోంచి తల బయట పెట్టాడు. "మొత్తానికి ఎల్లిపోయేలాగే తోల్తన్నావు గానీ, ముందు బ్రేకు ఎక్కడుందో సూసుకో."

జీపు రోడ్డు దిగి ఇసుకలో పడే చోట ఒక టీ కొట్టుంది. కొబ్బరి మట్టల పాక, ఒక పొయ్యి, బైబిలు వాక్యాలున్న కేలండరు. ఆ కొట్టు నడిపే ఆవిడకి నలభై దాటుంటాయి. అక్కణ్ణుంచి ఇసుకలోనే కొంత దూరం పోతే గెడ్డ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. దాని అవతల ఒక చిన్న పేట ఉంది. బాప్టిస్టు చర్చీ, పది పన్నెండు చేపల వలలు, చాలా కొబ్బరిచెట్లు. ఆవిడ ఇల్లు అక్కడే. పేటకి వెనక నుంచి రోడ్డొకటి ఉండేది గానీ, దాని మీది కల్వర్టుని తుపాను పట్టుకుపోయింది. అప్పటినుంచి పేటకి చక్రమున్నది ఏది వెళ్ళాలన్నా సముద్రం తడిపి గట్టిచేసిన ఇసుక మీదే వెళ్ళాలి. ఇదంతా ఆవిడ టీ వడకడుతూ చెప్పింది.

నేను నా ప్రశ్న చదివాను. వాహనముల సంచారము వలన మీ వ్యాపారమునకు లాభమా, నష్టమా, ఏదీ కాదా?

"ఆ కుర్రోళ్ళొత్తే టీలు అమ్ముడవుతాయి. రాకపోతే అవ్వవు. దానికి ఇంతింత మాటలెందుకు బాబూ?"

"మరి బళ్ళు ఆపేస్తామంటే?"

"ఆళ్ళ బళ్ళు ఆపీండి. నాను గంజి తాగి ఉండగలను." గిన్నె దించి నా వైపు తిరిగింది. "పొద్దు గూకినాక ఓ బండి వత్తాది. దాన్ని మాత్రం ఆపకండి. అది ఆగిపోతే నా తమ్ముడు బతకడు. ఆ మాట రాసుకో."

"ఏ బండి?"

"కూకో. వత్తాది కదా, సూత్తావు."

మా బావ టీ గ్లాసు కింద పెట్టేశాడు. పొద్దు గూకాక అన్న మాట దగ్గరే అతనికి రుచి పోయింది.

కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళతోపాటు ఆ ఒడ్డున ఉన్న చప్పుడంతా వెళ్ళిపోయింది. సముద్రం నల్లబడటం మీరెప్పుడైనా కూర్చుని చూశారో లేదో. ఒడ్డు దగ్గర మొదలవదు. అవతలెక్కడో మొదలై నెమ్మదిగా మన కాళ్ళ దాకా వస్తుంది. వెనక సరుగుడు తోటలో గాలి దూరింది. సరుగుడుకి ఆకుల్లాంటి ఆకులుండవు కాబట్టి గలగలమనదు. చాలామంది మనుషులు ఒకేసారి ఊపిరి పీల్చి, వదలడం మరిచిపోయినట్టు ఉంటుంది. తోటకీ సముద్రానికీ మధ్య విరిగిన నాటు పడవొకటి బోర్లా పడి ఉంది. పొద్దున చూసినప్పుడు అది నీళ్ళ వైపు మొహం పెట్టి ఉందనీ, ఇప్పుడు మా వైపు తిరిగిందనీ మా బావతో అన్నాను. అతను దాని వైపు చూడనే లేదు.

ఆవిడ పొయ్యిలో నిప్పు మీద నీళ్ళు చల్లింది. పాకలో ఉన్న ఒక్క బల్బూ తీసేసింది. నేను ట్యాబులో ఏదో నొక్కుతున్నాను.

"దీపం ఆర్పీ బాబూ," అంది.

"ఎందుకమ్మా?"

"ఆళ్ళొచ్చే ఏళయినాది."

ట్యాబు ఆర్పేశాను. నా చేతులు నాకే కనిపించడం మానేశాయి. మా బావ నా చొక్కా అంచు పట్టుకున్నాడు. చిన్నప్పుడు తిరునాళ్ళలో కూడా అతను అంత గట్టిగా పట్టుకోలేదు.

ముందు చీపురు చప్పుడు వినిపించింది. తోట మలుపులోంచి, సర్... సర్... అని. ఆగుతుంది. మళ్ళీ సర్... సర్.

"బావా," అన్నాడు మా బావ చెవిలో, "ఈ ఏళప్పుడు సముద్రాన్ని ఎవలు ఊడుత్తన్నారు?"

ఒక మనిషి వచ్చాడు. వంగి, చేతిలో సరుగుడు కొమ్మతో ఇసుకని అటూ ఇటూ ఊడ్చుకుంటూ, ఒక్కొక్క అడుగే వేస్తున్నాడు. మధ్య మధ్య ఆగి కింద ఏదో వెతుకుతున్నాడు. అతని వెనక, అతను నడిచినంత నెమ్మదిగా, ఒక జీపు వస్తోంది. దానికి ముందు దీపాల్లేవు, లోపలా లేవు. ఇంజను చప్పుడుని అలలు మింగేశాయి. తాటిచెట్టంత జీపు, చప్పుడు లేకుండా చీకట్లోంచి చీకట్లోకి జారుతూ వచ్చి, సరిగ్గా మా ముందు ఆగింది.

వెనక రెండు వరసల బల్లల మీద మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. దుప్పట్లు తలల మీదుగా కప్పుకున్నారు. మొహాలు ఉబ్బి ఉన్నాయి, ఆకాశంలో మిగిలిన కాస్త వెలుగుకి బూడిద రంగులో కనిపిస్తున్నాయి. ఒకరూ కదలలేదు. ఒకరూ మాట్లాడలేదు. పలాస బస్సులో అంతమంది ఎక్కితే ఆ గోల టెక్కలిదాకా వినిపిస్తుంది.

నాకు భయం వేస్తే మర్యాద ఎక్కువైపోతుంది. ఏం చెయ్యాలో తోచక, ఇంటికొచ్చిన చుట్టాల్ని పలకరించినట్టు, చేతిలో ఉన్న నీళ్ళ సీసా ముందుకు చాచాను.

"నీళ్ళు తాగుతారా?"

అప్పుడు కదిలారు. దుప్పట్లలోంచి తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. నా వైపు కాదు, సీసా వైపు. నేను చెయ్యి ఎటు కదిపితే కళ్ళు అటు కదిలాయి. ఒక ముసలాయన పెదాలు తడుపుకున్నాడు. ఎవరూ చెయ్యి చాచలేదు.

"నీళ్ళు తాగనోళ్ళంటే ఎవలు బావా?" అన్నాడు మా బావ. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. దాని జవాబు ఇద్దరికీ తెలుసుననే అనుకున్నాం.

అన్నిటికన్నా చివర, తలుపు పక్కన, కమ్మీకి కట్టిన తువ్వాలు దగ్గర ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బక్కగా ఉన్నాడు. దుప్పటి లేదు. అతనొక్కడే చెయ్యి చాచి సీసా తీసుకున్నాడు. మూత తీసి, తల వెనక్కి వాల్చి, గటగటా తాగాడు. గొంతు కదలడం చూశాను. ఆఖరి చుక్క దాకా తాగి, సీసాని తిరగేసి, అరచేతిలో తట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఎవరూ అతని వైపు చూడలేదు.

కొట్టావిడ వచ్చి, సంచీ భుజాన వేసుకుని, వెనక మెట్టు మీద ఎక్కి కమ్మీ పట్టుకుని నిలబడింది. పక్కనే చోటు ఉన్నా కూర్చోలేదు. కొమ్మ పట్టుకున్న మనిషి మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు. జీపు ఇసుకలో గెడ్డ వైపు వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో మందస దాటేదాకా మా బావ ఆటోకి మూడు చక్రాలున్నాయన్న సంగతి మరిచిపోయాడు.

నేను మర్నాడు వెళ్ళనన్నాను. మా బావ ఆటోకి జ్వరమొచ్చిందన్నాడు. కానీ సర్వే పూర్తి కాలేదు. అదీగాక ఆవిడ రాసుకోమన్న మాట నేను రాయలేదు. ఎండ మాడిపోతున్న వేళ చూసి వెళ్ళాం.

"నిన్న ఎలాగెల్లినారు?" అంది నవ్వుతూ. "మీ ఆటో ఎగిరెల్లిపోనాదని మావోళ్ళు సెప్పుకున్నారు."

"ఎవరమ్మా వాళ్ళు?" అన్నాను.

ఆవిడ నవ్వు ఆపింది. "ఎవలేటి? మా పేటోళ్ళు. కిడ్నీలు పాడయినోళ్ళు. వారానికి మూడేసిసార్లు పలాస పెద్దాసుపత్రికి డయాలసిస్‌కి ఎల్లొత్తారు. సీకటుండగా ఎల్తే సీకటి పడినాక వత్తారు. రగతమంతా కడిగించుకుని వొచ్చినోళ్ళు, ఆళ్ళకి మాటాడ్డానికి ఓపికెక్కడుంటాది?"

కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఈ ఉద్దానంలోనే పుట్టి పెరిగినవాడిని. మా వీధిలోనే అలాంటివాళ్ళున్నారు. చీకట్లో ఆ సంగతి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మరి దీపాలు?"

"తాబేలు పిల్లలు బాబూ. ఈ నెలల్లోనే ఇసకలోంచి పైకొత్తాయి. ఎలుగెటుంటే అటే పోతాయి. దీపమేసినామంటే నీళ్ళలోకి పోవాల్సినవి సక్రం కిందకొత్తాయి. అందుకే దీపాలార్పుకుని, ముందో మనిసి కొమ్మతో సూసుకుంటూ నడుత్తాడు. బండి ఆలీసమైతే ఆలీసమే. లోపలున్నోళ్ళే తొందరపెట్టనివ్వరు."

"నీళ్ళు ఎందుకు తాగలేదు?" అని అడుగుతూనే నాలిక కరుచుకున్నాను.

"ఆళ్ళకి నీళ్ళు కొలిసి ఇత్తారు కదేటి. రోజంతటికీ ఓ గలాసు, గలాసున్నర. ఆపైన తాగితే ఒంట్లోనే ఉండిపోతాది, ఊపిరాడదు." కాసేపు గిన్నె తోముకుంది. "నువ్వు సీసా ఎవలికిచ్చినావు?"

"చివర కూర్చున్నాయనకి."

"సివర ఎవలూ కూకోరు. అది మా ఆయన సీటు. పోయిన నెల సచ్చిపోనాడు. ఆదరణ కూడిక, అదే సచ్చిపోనోళ్ళ పేరున సేసీ ప్రార్థన, అయ్యేదాకా ఆ సీట్లో ఎవలూ కూకోకూడదని మావోళ్ళ పద్ధతి. తువ్వాలు అందుకే కట్టినాం. ఆ కూడిక అయినాక తువ్వాలు ఇప్పి, నా తమ్ముణ్ణి కూకోబెట్టాల. ఆడికీ మొదలెట్టమన్నారు డాక్టర్లు." గిన్నె పక్కన పెట్టింది. "తాగినాడా?"

"తాగాడు."

"మొత్తం?"

"మొత్తం."

ఆవిడ సముద్రం వైపు చూసింది. "మంచిదే," అంది. "ఆకర్న నీళ్ళు నీళ్ళని ఏడిసీవోడు."

ఆ తరువాత ట్యాబు తీశాను. ఇసుకపై వాహనము ఎందుకు అవసరము అన్న ప్రశ్న కింద వినోదము, వ్యాపారము, చేపల వేట, ఇతరములు అని ఉన్నాయి. ఇతరములు నొక్కి, పేట సంగతీ, కల్వర్టు సంగతీ, సీటు సంగతీ అంతా రాశాను. ఒక్క అక్షరం కూడా పెంచలేదు. పెంచకుండా రాయడం అంత కష్టమని నాకు అప్పుడే తెలిసింది. పంపించాను. ఎవరు చదివారో, అసలు చదివారో లేదో తెలియదు.

వానలు పడేసరికి బోర్డు వచ్చింది. సినిమా తెరంత బోర్డు. ఇసుకపై మోటారు వాహనముల ప్రవేశము నిషేధము, అత్యవసర వాహనములకు మినహాయింపు. రోడ్డు దిగే చోట రెండు స్తంభాలు, మధ్యన గొలుసు, గొలుసు దగ్గర ఒక కాపలాదారు. మొదటి రోజు తెల్లవారకముందే ఆ కాపలాదారు జీపుని ఆపేశాడు. సీట్లో కొత్తగా కూర్చున్న తమ్ముడు అందులోనే ఉన్నాడు. అక్కడ ఏం జరిగిందో ఆవిడే ఫోను చేసి చెప్పింది.

"అత్యవసరం అంటే ఎప్పుడో ఓసారొచ్చీదట. వారానికి మూడేసిసార్లొత్తే అది అత్యవసరం ఎలాగవుద్దంటాడు. ఆ వొక్కరోజుకీ వొదిలినాడు. ఎల్లుండి వొదలనన్నాడు. నువ్వు రాసినావు కదా బాబూ. ఏటి రాసినావు?"

పక్కనే ఉన్న మా బావ ఫోనులో అంతా విన్నాడు. వెంటనే ఆటో తీసుకుని, ఆటోల మీద దేవుళ్ళ బొమ్మలూ ప్రేమ కవిత్వాలూ అంటించే స్టిక్కర్ల కొట్టుకి వెళ్ళాడు. సాయంత్రానికి ఎర్రటి అక్షరాలు తెచ్చాడు. అక్షరమొక్కటి గుమ్మడికాయంత ఉంది. ఆ రాత్రే పేటకి పడవలో పంపించాం. జీపు అద్దానికి ఈ చివర నుంచి ఆ చివరకి అంటించారు: అత్యవసరం.

మూడో రోజు చీకట్లో జీపు గొలుసు దగ్గరికొచ్చి ఆగింది. కాపలాదారు టార్చి వేసి అద్దం చదివాడు. చుట్టూ తిరిగి మళ్ళీ చదివాడు.

"రాసుంది కదా మరి," అని గొలుసు దించాడు.

అప్పటినుంచీ దించుతూనే ఉన్నాడు. తాబేళ్ళ నెలలొస్తే, దీపాలార్పమని అతనే గుర్తు చేస్తున్నాడట. ఆ తమ్ముడు బక్కచిక్కాడు గానీ బతికే ఉన్నాడు. పలాసలో ఆసుపత్రి దగ్గర జీపు ఆగినప్పుడు నాకు చెయ్యి ఊపుతాడు. అతను తలుపు పక్కన, ఆఖరి సీట్లో కూర్చుంటాడు. నా చేతిలో నీళ్ళ సీసా ఉంటే వీపు వెనక దాచుకుని, రెండో చెయ్యి ఊపుతాను.

ఇక మాట ఇచ్చాను కాబట్టి ఒప్పుకుంటాను. టోపీ ఒడిశా దాకా వెళ్ళలేదు, మొగలి పొదలో చిక్కింది. పడవ మొహం తిప్పలేదు. జీపు తాటిచెట్టంత లేదు. ఇవి పెంచినవి. దీపాల్లేని జీపూ, ఇసుక ఊడ్చుకుంటూ నడిచిన మనిషీ, సీసా ఎటు కదిలితే అటు కదిలిన ఆ కళ్ళూ, చోటున్నా కూర్చోకుండా మెట్టు మీద నిలబడి వెళ్ళిన ఆవిడా నిజం. స్టిక్కరు కూడా నిజమే, కావాలంటే వెళ్ళి చదువుకోండి.

నేను పుట్టించింది ఆ నీళ్ళు తాగిన మనిషిని. ఆ సీట్లో తువ్వాలు తప్ప ఎవరూ లేరు. మర్నాడు ఆవిడ నన్ను తాగాడా అని అడగలేదు, మంచిదే అనలేదు. ఆఖర్న నీళ్ళు నీళ్ళని ఏడిచాడన్న మాట మాత్రం ఆవిడదే. ఆ ముందు సాయంత్రం నిజంగా జరిగింది ఇంతే. ఆవిడ గబగబా వచ్చి, నా చేతిలోంచి సీసా తీసుకుని, కొంగు కింద పెట్టి, తీసుకెళ్ళి మా ఆటోలో వెనక సీటు కింద దాచింది. "ఆళ్ళ ముందర ఇది తియ్యకు బాబూ," అంది.

సీసా నిండుగానే పలాస వచ్చింది. దారిలో ఇద్దరికీ దాహమేసింది.